జాడ దొరికిన ఫోన్ చేతికి ఎందుకు రావడం లేదు?

క్లుప్తంగా: పోయిన ఫోన్‌లో ఇప్పుడు ఎవరి సిమ్ ఉందో తెలుసుకోవడం నాలుగైదేళ్ల కిందటితో పోలిస్తే చాలా తేలికైంది. దాన్ని ఆ చేతిలోంచి తీసి యజమానికి అప్పగించడం మాత్రం అంత తేలిక కాలేదు. ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐని బ్లాక్ చేయడం, గూగుల్ లేదా ఆపిల్ మ్యాప్‌లో లొకేషన్ చూడటం, పోలీసులు రికవరీ చేయడం మూడూ వేర్వేరు పనులు. ఒకటి జరిగితే మిగతా రెండూ జరిగిపోతాయని అనుకోవడంతోనే సగం గందరగోళం వస్తోంది. పైగా ఫోన్ పోయిన మొదటి గంటల్లో అసలు ముప్పు ఫోన్‌కు కాదు, అందులోని సిమ్‌కు, దానికి ముడిపడిన బ్యాంకు ఖాతాకు.

కేంద్ర టెలికాం శాఖ 2025 డిసెంబరు మొదట్లో ఇచ్చిన లెక్కల ప్రకారం పోయిన ఫోన్లను బ్లాక్ చేయించుకునే ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీ ద్వారా అప్పటిదాకా 42 లక్షలకు పైగా ఫోన్లు బ్లాక్ అయ్యాయి. వాటిలో 26 లక్షలకు పైగా ఫోన్ల జాడ తెలిసింది. యజమానుల చేతికి తిరిగి వచ్చినవి 7 లక్షల పైచిలుకు. అంటే ఆచూకీ తెలిసిన ప్రతి నాలుగు ఫోన్లలో ఇంచుమించు ఒకటే ఇల్లు చేరింది. ఎస్పీ ఆఫీసుల్లో జరిగే రికవరీ మేళాల్లో బల్ల మీద వరుసగా పేర్చిన ఫోన్ల ఫొటోలు పత్రికల్లో వస్తుంటాయి. తన ఫోన్ ‘ట్రేస్ అయింది’ అని మెసేజ్ వచ్చి నెలలు గడిచినా స్టేషన్ నుంచి పిలుపు రానివాళ్లు అంతకు రెట్టింపు మందికి పైనే ఉన్నారు. 26 లక్షలకూ 7 లక్షలకూ మధ్య ఏం జరుగుతోందో చూడాలంటే ముందు ట్రాకింగ్ అనే మాట కింద ఎన్ని పనులు కలిసిపోయాయో విడదీయాలి.

ఒకే మాట, మూడు పనులు

మొదటిది యజమాని చేసుకునే ట్రాకింగ్. ఫోన్ తన చోటును ఉపగ్రహాల సంకేతాలు, చుట్టుపక్కల వైఫైలు, సెల్ టవర్ల సాయంతో లెక్కగట్టుకుని, ఇంటర్నెట్ ద్వారా గూగుల్ లేదా ఆపిల్ సర్వర్‌కు చెబుతుంది. జీపీఎస్ చిప్ సంకేతాలు అందుకుంటుందే తప్ప పైకి పంపదు. కాబట్టి డేటా లేని, వైఫై అందని ఫోన్‌కు తానెక్కడుందో తెలిసినా ఆ సంగతి బయటికి చెప్పే దారి ఉండదు. ఉపగ్రహం నుంచి ఫోన్‌ను కనిపెట్టేస్తారన్న నమ్మకం సినిమాల పుణ్యమే.

రెండోది టెలికాం కంపెనీల దగ్గర పడే రికార్డు. ఏ ఫోన్‌లో ఏ సిమ్ ఉంది, అది ఏ టవర్ కింద ఉంది అన్నది నెట్‌వర్క్‌కు తెలుస్తూనే ఉంటుంది. దీనికి జీపీఎస్‌తో పని లేదు, ఫోన్‌లో ఇంటర్నెట్ ఉండక్కర్లేదు. అయితే టవర్‌ను బట్టి తెలిసే చోటు నగరంలో కొన్ని వందల మీటర్ల తేడాతో, పల్లెల్లో కిలోమీటర్ల తేడాతో ఉంటుంది. ఇల్లు తెలియదు. సిమ్ ఎవరి పేరు మీద ఉందో మాత్రం తెలుస్తుంది. రికవరీకి పోలీసులు వాడుకునే అసలు ఆధారం అదే.

మూడోది పోలీసులు చేసేది. సిమ్ ఎవరిదో తెలిశాక ఆ మనిషికి ఫోన్ చేయడం, స్టేషన్‌కు రప్పించడం, రాకపోతే వెళ్లడం. ఇందులో సాంకేతికత దాదాపు ఏమీ లేదు. మనుషుల సంఖ్య, దూరం, ఓపిక, కేసు తీవ్రత ఇవే ఉంటాయి.

ఐఎంఈఐ నంబరు ఇచ్చి ఫోన్ లైవ్ లొకేషన్ చూసుకోండి అంటూ ప్రకటనలిచ్చే యాప్‌లు, వెబ్‌సైట్లు ఈ మూడింటిలో ఏ కోవకూ రావు. టెలికాం కంపెనీల రికార్డు ప్రైవేటు యాప్‌కు అందదు. అవి ఐఎంఈఐతో పాటు పేరు, నంబరు, కొన్నిసార్లు డబ్బు కూడా తీసుకుని, ఫోన్ మోడల్ ఏమిటో చెప్పి ఊరుకుంటాయి.

బ్లాక్ చేసిన ఫోన్ జాడ ఎలా తెలుస్తుంది?

ఎక్కువమందిని తికమకపెట్టే ప్రశ్న ఇదే. ఫోన్‌ను బ్లాక్ చేయించేస్తే నెట్‌వర్కే పనిచేయదు కదా, ఇక ట్రేస్ ఎలా అవుతుంది? బ్లాక్ చేయకుండా వదిలేస్తేనే దొంగ వాడతాడు, అప్పుడే దొరుకుతాడు అని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ సలహా పాత కాలానిది.

ప్రతి హ్యాండ్‌సెట్‌కూ 15 అంకెల ఐఎంఈఐ ఉంటుంది. మొదటి 8 అంకెలు మోడల్‌ను, తర్వాతి 6 ఆ ఒక్క పీసును చెబుతాయి. చివరిది సరిచూసుకోవడానికి పెట్టిన అంకె. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఐఎంఈఐలు ఉంటాయి. బండికి నంబరు ప్లేటు మార్చినా ఛాసిస్ నంబరు ఉండిపోయినట్టు, సిమ్ మార్చినా ఐఎంఈఐ ఉండిపోతుంది. సిమ్ వేసి ఫోన్ ఆన్ చేయగానే అది దగ్గరలోని టవర్‌ను పలకరిస్తుంది. ఆ పలకరింపులోనే సిమ్ గుర్తింపు, ఐఎంఈఐ రెండూ నెట్‌వర్క్‌కు చేరతాయి. నెట్‌వర్క్ ఆ ఐఎంఈఐని బ్లాక్ లిస్టుతో సరిచూసి సేవలు నిరాకరిస్తుంది. కానీ నిరాకరించే లోపే ఫలానా సిమ్‌తో ఫలానా ఫోన్ ప్రయత్నించిందన్న నమోదు పడిపోతుంది. ఫోన్ చేసిన ప్రయత్నమే దాన్ని పట్టిస్తుంది. సిగ్నల్ రాకపోయేసరికి కొన్నవాడు మరో సిమ్ వేసి చూస్తాడు, ఇంకో కంపెనీ సిమ్ వేస్తాడు. ఎన్ని సిమ్‌లు వేస్తే అన్ని ఆధారాలు.

ఈ బ్లాక్ లిస్టులన్నిటినీ ఒకచోట కలిపేదే సీఈఐఆర్. టెలికాం శాఖ కోసం ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ దీన్ని తయారు చేసింది. 2019 సెప్టెంబరులో ముంబయిలో, ఆ ఏడాది చివర్లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలై, 2023 మేలో సంచార్ సాథీ పోర్టల్‌లో భాగంగా దేశమంతటికీ వచ్చింది. తెలంగాణ పోలీసులు దానికి ఒక నెల ముందే, 2023 ఏప్రిల్‌లో, సీఐడీ నోడల్ విభాగంగా దీన్ని మొదలుపెట్టారు. అంతకు ముందు పద్ధతి వేరు. స్టేషన్ నుంచి ఐఎంఈఐ పై అధికారులకు వెళ్లి, అక్కడి నుంచి ఒక్కో టెలికాం కంపెనీకి విడివిడిగా విజ్ఞప్తి వెళ్లేది. అది కూడా హత్య, దోపిడీ వంటి పెద్ద కేసుల వివరాలతో పోటీ పడుతూ. పదివేల రూపాయల ఫోన్ కోసం ఆ దారిలో నడిచే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఒక కంపెనీ బ్లాక్ చేసినా మరో కంపెనీ సిమ్ వేస్తే ఫోన్ హాయిగా పనిచేసేది. సీఈఐఆర్ తెచ్చిన అసలు మార్పు ఈ రెండు కంతలనూ పూడ్చడం. విజ్ఞప్తి అందిన 24 గంటల్లో అన్ని నెట్‌వర్క్‌లలోనూ ఫోన్ ఆగిపోతుంది, జాడ తెలిస్తే ఆ సమాచారం దానంతట అదే స్టేషన్ లాగిన్‌కు వెళ్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా పోలీసులు తమ దారి తాము వేసుకున్నారు. అనంతపురం, తిరుపతి, చిత్తూరు వంటి జిల్లాల్లో వాట్సాప్ నంబరుకు మెసేజ్ పెడితే ఒక లింకు వస్తుంది. అందులో వివరాలు నింపితే చాలు, స్టేషన్ మెట్లెక్కకుండానే ఫిర్యాదు ఐటీ విభాగానికి చేరుతుంది. స్టేషన్ అంటే జంకే విద్యార్థులు, మహిళలు, కూలీలు ఫిర్యాదు చేయడానికి ముందుకొచ్చారంటే ఈ వెసులుబాటే కారణం.

ఇరవై నాలుగు గంటల చిక్కు

సీఈఐఆర్‌లో విజ్ఞప్తి నమోదు చేయాలంటే పోలీసు ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐ, గుర్తింపు కార్డు, దొరికితే కొన్న బిల్లు కావాలి. మొబైల్ నంబరుకు వచ్చే ఓటీపీ కూడా కావాలి. ఫోన్ పోయిందంటే సిమ్ కూడా పోయినట్టే కాబట్టి ముందు డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి. చిక్కు ఇక్కడే ఉంది. సిమ్ మార్పిడి మోసాలను ఆపడానికి, కొత్తగా ఇచ్చిన డూప్లికేట్ సిమ్‌లో మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రాకుండా, పోకుండా ఆపే నిబంధన 2022 చివరి నుంచి అమల్లో ఉంది. మోసగాళ్లకు అడ్డుకట్టగా పెట్టిన ఆ నిబంధన వల్ల ఓటీపీ రాదు, ఓటీపీ లేక బ్లాక్ విజ్ఞప్తి ఒక రోజు వెనక్కి పోతుంది. సీఈఐఆర్ సైట్‌లో ఈ సంగతి ఒక గమనికగా రాసి ఉంటుంది. ఫోన్ పోయిన కంగారులో అది చదివేదెవరు? సర్వర్ పనిచేయడం లేదనుకుని పదేపదే ప్రయత్నించి విసిగిపోతారు. స్టేషన్‌లో సిబ్బందే తమ లాగిన్ నుంచి నమోదు చేస్తే ఈ ఆలస్యం కొంత తగ్గుతుంది.

ఐఎంఈఐ దగ్గర మరో అడ్డంకి. ఫోన్ చేతిలో ఉండగా *#06# నొక్కితే వచ్చే నంబరు, ఫోన్ పోయాక ఎక్కడ దొరుకుతుంది? డబ్బా మీద, బిల్లు మీద ఉంటుంది. డబ్బా దీపావళి శుభ్రంలో పాత సామాన్లవాడికి వెళ్లిపోయి ఉంటుంది. ఆండ్రాయిడ్ వాడేవారికి గూగుల్ ఖాతాలో పోయిన ఫోన్‌ను వెతికే ఫైండ్ హబ్‌లో, ఐఫోన్‌వారికి ఆపిల్ ఖాతాలోని పరికరాల జాబితాలో కూడా ఇది కనిపిస్తుందని చాలామందికి తెలియదు.

ఈ ఒక్క రోజులో అసలు నష్టం వేరే చోట జరగవచ్చు. ఫోన్‌కు లాక్ ఉన్నా సిమ్‌కు సాధారణంగా ఉండదు. సిమ్ తీసి మరో ఫోన్‌లో వేస్తే ఓటీపీలు అక్కడికి వస్తాయి. యూపీఐ యాప్‌లు ఖాతాను గుర్తుపట్టేదే ఆ సిమ్ నుంచి వెళ్లే ఎస్ఎంఎస్ ద్వారా. యూపీఐ పిన్ మార్చాలంటే డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ అడుగుతుంది, లేదా ఆధార్ మొదటి ఆరు అంకెలు అడుగుతుంది. ఫోన్ వెనక పౌచ్‌లో డెబిట్ కార్డు, ఆధార్ జిరాక్స్ మడతపెట్టి దాచుకునే అలవాటు ఉన్నవారు తాళాన్నీ చెవినీ కలిపి అప్పగించినట్టే అవుతుంది. అందుకే మొదటి కాల్ పోలీసులకంటే ముందు సిమ్ కంపెనీకి వెళ్లాలని నిపుణులు చెబుతారు. రెండోది బ్యాంకుకు. డబ్బు పోయినట్టు కనబడితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి.

సిమ్‌కు నాలుగంకెల పిన్ పెట్టుకునే వీలు ప్రతి ఫోన్ సెట్టింగ్‌లలోనూ ఎప్పటినుంచో ఉంది. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ ఆగిపోయి, కంపెనీ ఇచ్చే 8 అంకెల పీయూకే కోడ్ అడుగుతుంది. ఇంత చవకైన రక్షణ మరొకటి లేదు, ఇంత తక్కువమంది వాడేదీ మరొకటి ఉండకపోవచ్చు. ఈ-సిమ్ ఉన్న ఫోన్లలో తీసి పారేయడానికి కార్డే ఉండదు కాబట్టి ఫోన్ మరికొంతసేపు నెట్‌వర్క్‌లో ఉంటుంది.

సిమ్ ఆపించడానికి ఒక ధర ఉంది. సిమ్ ఆగగానే ఫోన్‌లో మొబైల్ డేటా ఆగుతుంది, దానితో గూగుల్ మ్యాప్‌లో కదులుతున్న చుక్క కూడా ఆగుతుంది. ఆటోలో మరిచిపోయిన ఫోన్ అయితే, మోగించి చూస్తే ఎవరో ఒకరు ఎత్తే అవకాశముంటే, కాసేపు ఆగడంలో అర్థం ఉంది. లాక్కుపోయిన ఫోన్ విషయంలో ఆ ఆలోచనే వద్దు.

గూగుల్, ఆపిల్ దారి ఎంతవరకు?

డేటా లేని ఫోన్‌నూ కనిపెట్టే మార్గం కొన్నేళ్లుగా వచ్చింది. పోయిన ఫోన్ బ్లూటూత్‌లో చిన్న సంకేతం వదులుతూ ఉంటుంది. పక్క నుంచి వెళ్లే ఇతరుల ఫోన్లు దాన్ని విని, తామున్న చోటును రహస్య లిపిలో సర్వర్‌కు చేరవేస్తాయి. ఆపిల్ దీన్ని 2019లో ఐఓఎస్ 13తో తెచ్చింది. గూగుల్ 2024లో మొదలుపెట్టింది, 2025లో ఆ సేవకు ఫైండ్ హబ్ అని పేరు మార్చింది. ఐఫోన్లలో స్విచాఫ్ చేసిన తర్వాత కూడా కొంతసేపు ఈ సంకేతం పోతూనే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ఆ సదుపాయం కొన్ని మోడళ్లకే ఉంది.

రెండింటి మధ్య ఒక తేడా పల్లెటూళ్లవారికి ముఖ్యం. గూగుల్ తన నెట్‌వర్క్‌ను ముందుగా రద్దీ ప్రాంతాలకే పరిమితం చేసి ఇస్తుంది. అంటే ఒక్క ఫోన్ విన్నంత మాత్రాన చోటు చూపించదు, పలు ఫోన్లు వింటేనే చూపిస్తుంది. ఇతరుల కదలికలు బయటపడకుండా పెట్టుకున్న జాగ్రత్త అది. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఇది బాగానే పనిచేస్తుంది. రాత్రి పూట పొలం గట్టు మీద పడిన ఫోన్‌కు ఏమీ చేయలేదు. సెట్టింగ్‌లలో ‘అన్ని ప్రాంతాల్లో’ అని మార్చుకోవచ్చు, కానీ ఫోన్ పోకముందే మార్చుకోవాలి.

మ్యాప్‌లో చుక్క కనబడగానే అది సాక్ష్యమని, పోలీసులు వెంటనే వెళ్లి పట్టుకోవాలని యజమాని అనుకోవడం సహజం. చుక్క చుట్టూ ఉన్న నీలి వలయాన్ని గమనించాలి. ఇరవై మీటర్ల వ్యాసార్ధం అంటే పాతబస్తీ గల్లీలోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో పది పన్నెండు ఇళ్లు, మూడంతస్తుల మేడలు, కింద దుకాణాలు. ఏ అంతస్తో మ్యాప్ చెప్పదు. ఆ వలయాన్ని పట్టుకుని ఇల్లిల్లూ సోదా చేయడం పోలీసులకు కుదరదు. యజమాని సొంతంగా వెళ్లి తలుపులు తట్టడం ప్రమాదం.

అన్నీ తుడిచేసే ఎరేజ్ బటన్‌తోనూ జాగ్రత్త అవసరం. ఆండ్రాయిడ్‌లో ఎరేజ్ చేస్తే ఆ తర్వాత లొకేషన్ చూసే వీలు పోతుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 15 నుంచి తుడిచేశాక కూడా జాడ తెలుస్తుంది. ముందు లాక్ చేసి, ఇక రాదనుకున్నాకే తుడవడం మేలు.

ఐఫోన్ పోయినవారికి కొన్ని రోజుల తర్వాత మరో వల పడుతుంది. ‘మీ ఫోన్ దొరికింది, ఈ లింకు నొక్కి చూసుకోండి’ అని ఆపిల్ పేరుతో మెసేజ్ వస్తుంది. ఖాతా పాస్‌వర్డ్ లేకుండా ఆ ఫోన్ పాత యజమాని పేరు నుంచి బయటపడదు కాబట్టి, పాస్‌వర్డ్ రాబట్టడానికి దొంగల వైపు నుంచి వచ్చేదే అది. ఫోన్ మీద ఆశ చావని సమయంలో వస్తుంది, అందుకే తేలిగ్గా నమ్ముతారు.

స్టేషన్ లాగిన్ నుంచి ఇంటి గుమ్మం దాకా

ట్రేస్ రిపోర్టు స్టేషన్‌కు వచ్చింది. అందులో ఒక నంబరు ఉంది. కానిస్టేబుల్ ఆ నంబరుకు ఫోన్ చేస్తాడు. అవతల ఉన్నది దొంగ కావడం అరుదు. ఎక్కువగా మూడో చేతిలోనో నాలుగో చేతిలోనో ఫోన్ ఉంటుంది. సంతలో మూడు వేలకు కొన్న కూలీ, కూతురి ఆన్‌లైన్ క్లాసు కోసం తెలిసినవాడి దగ్గర తీసుకున్న తండ్రి, బస్టాండ్‌లో దొరికితే జేబులో వేసుకున్న కుర్రాడు. కొందరు భయపడి తెచ్చి ఇచ్చేస్తారు. కొందరు నంబరు స్విచాఫ్ చేస్తారు. ఫోన్ వేరే రాష్ట్రంలో ఉంటే కొరియర్‌లో పంపమని అడగడం తెలుగు రాష్ట్రాల పోలీసులకు ఇప్పుడు మామూలు పనైపోయింది. ఒడిశా నుంచి, కర్ణాటక నుంచి అలా పార్సిళ్లు వస్తున్నాయి కూడా. పంపకపోతే? పన్నెండు వేల ఫోన్ కోసం ఇద్దరు సిబ్బందిని రైలెక్కించి బిహార్ పంపడం ఏ స్టేషన్‌కూ లెక్కలోకి రాదు. అంకెల్లో ట్రేస్ అయినట్టు కనిపించి రికవరీ కాని ఫోన్లలో ఇటువంటివి పెద్ద వాటా అని ఊహించడం కష్టం కాదు.

రాష్ట్రాల మధ్య తేడాకు కారణం కూడా ఇక్కడే వెతకాలి. సాఫ్ట్‌వేర్ అన్ని రాష్ట్రాలకూ ఒకటే. 2025లో లక్ష రికవరీలు దాటిన రాష్ట్రాలుగా తెలంగాణ, కర్ణాటకల పేర్లను టెలికాం శాఖ ప్రకటించింది. జనాభాలో ఎంతో పెద్దదైన మహారాష్ట్ర అప్పటికి ఆ మార్కు దిగువన ఉంది. తెలంగాణలో వచ్చిన ట్రేస్ రిపోర్టుల వెంట పడటానికి కమిషనరేట్లలో, జిల్లాల్లో ప్రత్యేకంగా మనుషులను కేటాయించారు. ఎంత రికవరీ అయిందో పై అధికారులు అడిగే చోట ఫోన్లు వస్తాయి, అడగని చోట రిపోర్టు లాగిన్‌లోనే ఉండిపోతుంది.

చట్టం వైపు నుంచి చూస్తే ‘పోయింది’, ‘దొంగిలించారు’ అన్న మాటల తేడా చిన్నది కాదు. ఎక్కడో జారిపోయిందని ఫిర్యాదు రాస్తే అది పోయిన వస్తువు కింద నమోదవుతుంది. ఫోన్ దొరికితే స్టేషన్‌లోనే అప్పగిస్తారు. దొంగతనమని ఎఫ్ఐఆర్ అయితే దర్యాప్తు, కోర్టు ద్వారా వస్తువు తీసుకోవడం వంటి మెట్లుంటాయి. త్వరగా తేలుతుందని మొదటిదానికే మొగ్గు చూపడం మామూలే. అయితే ఫోన్‌కు బీమా ఉన్నవారు, డబ్బు పోయినవారు, చేతిలోంచి లాక్కెళ్లగా చూసినవారు ఎఫ్ఐఆర్ కోసం పట్టుబట్టాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లాక్కెళ్లడం 304వ సెక్షన్ కింద విడి నేరమైంది. దానికి మూడేళ్ల దాకా శిక్ష ఉంది. ఏ స్టేషన్ పరిధి అన్నదానితో సంబంధం లేకుండా జీరో ఎఫ్ఐఆర్ చేయించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపి మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టే వీలు కూడా కొత్త విధానంలో ఉంది.

ఐఎంఈఐ మారితే, దేశం దాటితే

జాడే దొరకని ఫోన్ల సంగతి వేరు. ఐఎంఈఐ ఫోన్ మెమరీలో ఉండే అంకె. చవక మోడళ్లలో కంప్యూటర్‌కు తగిలించి సాఫ్ట్‌వేర్‌తో దాన్ని మార్చేసే దుకాణాలు ఉన్నాయి. ఒకే అంకెను వేలకొద్దీ ఫోన్లకు పెట్టేసే సందర్భాలూ బయటపడ్డాయి. ఒకే ఐఎంఈఐతో 13 వేలకు పైగా ఫోన్లు తిరుగుతున్నట్టు 2020లో మీరట్ పోలీసులు గుర్తించారు. 2023 టెలికాం చట్టం ఇటువంటి మార్పును మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా పడే నేరంగా చేసింది. చట్టం గట్టిదే. పట్టుబడేదాకా దుకాణంలో జరిగేది మాత్రం పది నిమిషాల పని.

ఖరీదైన ఫోన్లు రెండు దారుల్లో మాయమవుతాయి. ఒకటి విడిభాగాలుగా. డిస్‌ప్లే, కెమెరా, బ్యాటరీ విడివిడిగా అమ్ముడుపోతే ఐఎంఈఐ ఉన్న బోర్డు చెత్తబుట్టలోకి పోతుంది. రెండోది సరిహద్దు దాటి. సీఈఐఆర్ దేశంలోని నెట్‌వర్క్‌లనే కాపలా కాస్తుంది. 2024లో హైదరాబాద్ టాస్క్‌ఫోర్స్ పోలీసులు పట్టుకున్న ముఠా దగ్గర ఏడు వందలకు పైగా ఫోన్లు దొరికాయి. నగరంలో కొట్టేసిన ఫోన్లను సుడాన్‌కు పంపుతున్నట్టు ఆ కేసులో తేలింది. అరెస్టయిన 17 మందిలో సుడాన్ దేశస్థులూ ఉన్నారు.

లండన్‌లోనూ ఇదే కథ, ఇంకా పెద్ద ఎత్తున. 2024 క్రిస్మస్ ముందు రోజు ఒక బాధితుడు తన ఐఫోన్ సంకేతాన్ని అనుసరిస్తూ హీత్రూ విమానాశ్రయం దగ్గరి గోదాము దాకా వెళ్లాడు. అక్కడ హాంకాంగ్ వెళ్లాల్సిన పెట్టెలో దాదాపు 900 ఫోన్లు బయటపడ్డాయి. ఏడాదిలో 40 వేల దాకా దొంగ ఫోన్లను చైనాకు తరలించినట్టు అనుమానిస్తున్న ముఠా వరకు ఆ తీగ సాగింది. ఒక దేశంలో బ్లాక్ అయిన ఐఎంఈఐని ఇంకో దేశపు నెట్‌వర్క్ పట్టించుకోకపోతే ఫోన్ విలువ తగ్గదు. దొంగతనం ఆగకపోవడానికి మూలం ఆ విలువే.

దొంగకు గిట్టుబాటు కాకుండా చేయడం

విలువను చంపే ప్రయత్నం ముందు ఫోన్ కంపెనీలే చేశాయి. యజమాని పాస్‌వర్డ్ లేకుండా ఫోన్‌ను మళ్లీ వాడనివ్వని యాక్టివేషన్ లాక్‌ను 2013లో ఆపిల్ తెచ్చాక, తర్వాతి ఏడాదిలో ఐఫోన్ దొంగతనాలు శాన్‌ఫ్రాన్సిస్కోలో 40 శాతం, న్యూయార్క్‌లో 25 శాతం తగ్గాయి. కాలిఫోర్నియా రాష్ట్రం 2015 నుంచి అమ్మే ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ఇటువంటి లాక్ ఉండాలని చట్టమే చేసింది. ఆండ్రాయిడ్‌లోనూ 2015లో, రీసెట్ చేసినా పాత గూగుల్ ఖాతా అడిగే ఏర్పాటు వచ్చింది. అప్పుడు దొంగలు విడిభాగాల వైపు మళ్లారు. 2024లో ఆపిల్ విడిభాగాలకూ లాక్ విస్తరించింది. అదే ఏడాది గూగుల్, ఫోన్‌ను చేతిలోంచి లాక్కుని పరుగెడితే ఆ కుదుపును సెన్సర్లతో పసిగట్టి తెర లాక్ చేసే సదుపాయం తెచ్చింది. ఈ ఎత్తులు పైఎత్తులు ఇప్పట్లో ముగిసేవి కావు.

2023 డిసెంబరులో బ్రెజిల్ మొదలుపెట్టిన సెలులార్ సెగురో పద్ధతి మరో వైపు నుంచి వచ్చింది. ముందుగా పేరు నమోదు చేసుకున్నవారు, లేదా వారు నమ్మకంగా పెట్టుకున్న మనిషి, ఒక్కసారి ఫిర్యాదు చేస్తే ఆ హెచ్చరిక టెలికాం కంపెనీలకూ బ్యాంకులకూ కలిపి వెళ్తుంది. మన దగ్గర ఫోన్ బ్లాక్ ఒకచోట, సిమ్ మరోచోట, బ్యాంకు ఇంకోచోట. డబ్బు పోతే 1930 వేరు. చేతిలో ఫోన్ లేనివాడు ఇన్ని చోట్లకు ఫోన్ చేయాలి! ఇక్కడి 24 గంటల చిక్కుకు జవాబు కూడా ఆ తరహా ఏర్పాటులోనే ఉండే అవకాశం ఎక్కువ.

కేంద్రం వేరే దారి ప్రయత్నించింది. 2025 నవంబరు 28 నాటి ఆదేశంలో కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్‌ను 90 రోజుల్లో ముందే వేసి అమ్మాలని కంపెనీలను కోరింది. ప్రభుత్వ యాప్ ప్రతి ఫోన్‌లోనూ తప్పనిసరిగా ఉండటం నిఘాకు దారి తీస్తుందని ప్రతిపక్షాలు, పౌరహక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. డిసెంబరు 3న ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈ వివాదంలో ఒక సాంకేతిక విషయం మరుగున పడింది. ఫోన్ పోయినప్పుడు పోయిన ఫోన్‌లోని యాప్ ఎందుకూ పనికిరాదు. బ్లాకింగ్, ట్రేసింగ్ రెండూ నెట్‌వర్క్‌లో జరుగుతాయి. ఫిర్యాదు పోర్టల్ నుంచో, వేరొకరి ఫోన్ నుంచో, స్టేషన్ నుంచో చేసుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ దుకాణం దగ్గర

2025 అక్టోబరులో సవరించిన టెలికాం సైబర్ భద్రతా నిబంధనలు ఆ యాప్ ఆదేశం కంటే తక్కువ చర్చకు వచ్చాయి, ప్రభావం మాత్రం ఎక్కువ ఉండవచ్చు. పాత ఫోన్ల కొనుగోలు, అమ్మకం చేసేవారు ఐఎంఈఐని బ్లాక్ లిస్టుతో సరిచూసుకోవాలని అవి చెబుతున్నాయి. దొంగ ఫోన్ దారిలో ఎక్కడో ఒకచోట ఇటువంటి దుకాణం తగలక మానదు. పెద్ద కంపెనీలు దీన్ని పాటిస్తాయి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్ వంటి చోట్ల చేతులు మారే ఫోన్లకు, వారం సంతలో దుప్పటి పరిచి అమ్మే ఫోన్లకు ఈ నిబంధన ఎంతవరకు చేరుతుందన్నది తనిఖీల మీద ఆధారపడుతుంది.

కొనేవాడు తనంతట తాను చూసుకునే వీలు ఇప్పటికే ఉంది. కేవైఎం (KYM) అని ఇంగ్లిషులో టైప్ చేసి, ఖాళీ వదిలి 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఆ ఫోన్ మోడల్ వివరాలతో జవాబు వస్తుంది. బ్లాక్ లిస్టులో ఉన్నా, మరొకరి పేరు మీద వాడుకలో ఉన్న నకిలీ ఐఎంఈఐ అయినా కొనవద్దని చెబుతుంది. వచ్చిన మోడల్ పేరూ చేతిలో ఉన్న ఫోనూ ఒకటేనా అన్నది చూడటం మరింత ముఖ్యం. ఐఎంఈఐ మార్చిన ఫోన్ అక్కడే దొరికిపోతుంది. తెలియక కొన్నవాడికి దొంగ సొత్తు తీసుకున్న నేరం అంటుకోకపోవచ్చు గానీ, ఫోన్ తిరిగి ఇచ్చేయక తప్పదు, ఇచ్చిన డబ్బు అమ్మినవాడి నుంచి రాబట్టుకోవడం అతని తలనొప్పి.

ఫోన్ చేతికి వచ్చినవారికి ఒక పని మిగులుతుంది. రికవరీ అయినా ఐఎంఈఐ బ్లాక్ దానంతట అది తొలగదు. విజ్ఞప్తి చేసినప్పుడు ఇచ్చిన రిక్వెస్ట్ ఐడీతో మళ్లీ పోర్టల్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ అడగాలి. లేకపోతే స్టేషన్ నుంచి తెచ్చుకున్న ఫోన్‌లో సిమ్ వేసినా సిగ్నల్ రాదు, పాడైందనుకుని రిపేరు షాపుకు పరుగెత్తాల్సి వస్తుంది. ఆ ఐడీని పాత ఫోన్‌లోనే సేవ్ చేసుకున్నవారు ఫిర్యాదు కాపీ పట్టుకుని మళ్లీ స్టేషన్‌కే వెళ్లాలి.